రాత్రిపూట వచ్చే ఆ ఘాటు వాసనని కాగితం మీదకి ఎక్కించడం ఎలా

రాత్రి పదకొండు దాటాక ఉత్తర చెన్నైలోని తిరువొట్టియూరులోనో ఎర్నావూరులోనో గుప్పున ఘాటు వాసన వస్తే మనం చేసే పనులు అందరికీ తెలిసినవే. కిటికీలు మూస్తాం, వాట్సాప్ గ్రూపులో "మీకూ వస్తోందా?" అని అడుగుతాం, పది మంది అవునంటారు, ఒకాయన కంపెనీవాళ్ళని నాలుగు తిడతాడు, తెల్లారేసరికి వాసన పోతుంది, దాంతోపాటే ఆ విషయమూ పోతుంది. నాలుగు రోజుల తర్వాత కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఎవరైనా వచ్చి అడిగితే "అప్పుడప్పుడూ వస్తుందండీ, భరించలేం" అంటాం. ఆయన మాత్రం దాన్ని ఏమని రాసుకుంటాడు?

గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట నుంచి హార్బరు పనులకో ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనులకో వచ్చి ఉత్తర చెన్నైలో ఉండిపోయిన మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో బాగా పాడైపోయిన పారిశ్రామిక ప్రాంతాలంటూ 43 పేర్లు ప్రకటిస్తే అందులో మన పక్కనే రిఫైనరీ, కెమికల్ ఫ్యాక్టరీలున్న మణలి ఉంది. పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం కూడా ఉన్నాయి, అంటే ఊరు వదిలొచ్చినా మనకి ఈ గొడవ కొత్తది కాదు. "అలవాటైపోయిందిలే" అనేవాళ్ళంటే నాకు మహా చిరాకు. అలవాటయ్యేది ముక్కుకే, ఊపిరితిత్తులకి కాదు.

ముందు ప్రాణం, తర్వాతే ఫిర్యాదు

2023 డిసెంబర్ 26 అర్ధరాత్రికి కొంచెం ముందు ఎన్నూరు పెరియకుప్పం దగ్గర సముద్రంలో వేసిన అమ్మోనియా పైపు లీకైంది. నిద్రలో ఉన్న జనం పిల్లల్ని చంకనేసుకుని ఇళ్ళు వదిలి పరుగెత్తారు, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. అలాంటి రాత్రి డైరీలు, ఫొటోలు ఏమీ వద్దు. గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. దండెం మీద బట్ట ఎటు ఎగురుతోంది, అగరుబత్తి పొగ ఎటు పోతోంది అన్నది చాలు. గాలి పోయే దిక్కునే పరుగెత్తితే గ్యాస్ మీ వెంటే వస్తుంది, దానికి ఎదురెళ్తే లీకు దగ్గరికే పోతారు. కాబట్టి గాలికి అడ్డంగా, పక్కకి వెళ్ళాలి. తువ్వాలు బాగా తడిపి ముక్కూ నోరూ కప్పుకోండి, అమ్మోనియా నీళ్ళలో కరుగుతుంది కాబట్టి కొంత ఆగుతుంది, పూర్తిగా మాత్రం ఆగదు. కళ్ళు మండితే పావుగంట సేపు మంచినీళ్ళతో కడగాలి. బయటికి వెళ్ళే దారే లేకపోతే తలుపులు మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపేయండి. స్టవ్ వెలిగించొద్దు. 108కి, 112కి ఫోన్ చేయండి. గ్రూపులో మెసేజ్ ఆ తర్వాత.

ఇంకో సంగతి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గట్టిగా వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోతే "హమ్మయ్య" అనుకోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. మ్యాన్‌హోల్, సంపు పనులకి వెళ్ళేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్కటీ తప్పకుండా చెప్పండి.

వాసన డైరీ

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొనండి. విడి కాగితాలు వద్దు, తర్వాత ఇరికించారని అంటారు. పేజీలకి నంబర్లు వేయండి. వాసన వచ్చినప్పుడల్లా తేదీ, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి పోయింది, మీరు ఎక్కడ ఉన్నారు, గాలి ఎటు నుంచి, వాసన దేనిలా ఉంది, ఒంట్లో ఏమైంది, ఇంకెవరికి వచ్చింది అన్నవి రాయాలి. చెత్త కంపు, కంపెనీ కంపు అని రాస్తే పనికిరాదు. మనందరికీ తెలిసిన వాటితో పోల్చండి: అగ్గిపుల్ల ఆర్పినప్పటి ఘాటు అయితే సల్ఫర్ డయాక్సైడ్ కావచ్చు, వంటగ్యాస్ లీకైనట్టుంటే మెర్కాప్టాన్లు, బ్లీచింగ్ పౌడర్‌లా ఉంటే క్లోరిన్, ఉచ్చ కంపులా కళ్ళలో నీళ్ళు తెప్పిస్తే అమ్మోనియా, పెట్రోల్ బంకు దగ్గర వచ్చే కాస్త తియ్యటి వాసనైతే బెంజీన్ లాంటివి. పేరు మీరు తేల్చక్కర్లేదు, తేల్చకపోవడమే మేలు కూడా. ముక్కుకి తెలిసింది తెలిసినట్టు రాయండి.

ఒక పేజీ ఇలా ఉంటే చాలు: "మంగళవారం, రాత్రి 11:20 నుంచి 12:45. మేడ మీద. గాలి పడమటి నుంచి, మెల్లగా. వంటగ్యాస్ వాసన, మధ్యలో కాసేపు తగ్గి మళ్ళీ వచ్చింది. నాకు గొంతులో గరగర, పాపకి రెండుసార్లు వాంతి. కింది వాటా వాళ్ళకీ, ఎదురింటి ముసలమ్మకీ వచ్చింది." కింద సంతకం. పక్కింటివాళ్ళు కూడా అదే రాత్రి వాళ్ళ పుస్తకంలో వాళ్ళ మాటల్లో రాసుకుంటే ఇంకా గట్టిది. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకోవద్దు, పది పుస్తకాల్లో ఒకే వాక్యం ఉంటే ఎవడూ నమ్మడు.

గాలి సంగతి ఎందుకు అంత పట్టి చెప్తున్నానంటే, చెన్నైలో చాలా రోజులు పగటిపూట సముద్రం మీది నుంచి గాలి లోపలికి కొడుతుంది, రాత్రి నేల మీది నుంచి సముద్రం వైపు మళ్ళుతుంది. మణలి మనకి పడమర. అందుకే తిరువొట్టియూరు వాళ్ళకి రాత్రీ తెల్లవారుజామునా వచ్చే వాసన, మణలి వెనక ఉండేవాళ్ళకి మధ్యాహ్నం రావచ్చు. ఈశాన్య రుతుపవనాలు మొదలైతే లెక్క మళ్ళీ మారుతుంది. రెండు వైపులా ఉండేవాళ్ళు డైరీలు రాసి పక్కపక్కన పెడితే, గాలి వచ్చిన దిక్కుకి గీసిన రెండు గీతలు ఎక్కడ కలుస్తున్నాయో మ్యాపు మీద స్కూలు పిల్లాడు కూడా చూపిస్తాడు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, కడలూరు సిప్కాట్ పారిశ్రామికవాడ పక్క పల్లెల వాళ్ళు రెండు దశాబ్దాల కిందటే వాసనలు నోట్ చేసుకుంటూ, బకెట్టులో అమర్చిన సంచిలోకి గాలి పట్టి ల్యాబుకి పంపించి, ఆ గాలిలో ఏయే రసాయనాలున్నాయో బయటపెట్టారు.

ఫొటోలు తీసేటప్పుడు తేదీ, లొకేషన్ పడే జీపీఎస్ కెమెరా యాప్ వాడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో లోపలి వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపండి. ఒరిజినల్ ఫోన్లోంచి తీసేయొద్దు.

గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) ఆకుపచ్చగా ఉంటే?

కేంద్ర మండలి వాళ్ళ 'సమీర్' యాప్‌లో మీ దగ్గరి స్టేషన్ అంకె చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మంచిదే. కానీ ఏక్యూఐ లెక్కలోకి వచ్చేవి ఎనిమిదే: రెండు రకాల ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మెర్కాప్టాన్లు, బెంజీన్ ఇందులో లేవు. పైగా అది చాలావరకు 24 గంటల సగటు, మీ గంటన్నర నరకం ఆ సగటులో కలిసిపోతుంది. అందుకని "యాప్‌లో గాలి బాగానే ఉందే" అని ఎవరైనా అంటే వాదన పెట్టుకోకుండా, ఆ యాప్ కొలవని రసాయనాలు చాలా ఉన్నాయని మాత్రం చెప్పండి.

ఆస్పత్రి చీటీలో ఏం రాయించుకోవాలి

మా ఏరియాలో ఒక ప్రైవేటు క్లినిక్కు ఉంది, గ్యాస్ వచ్చిన మర్నాడు వెళ్ళినా, వానలో తడిసి వెళ్ళినా ఒకే చీటీ: జలుబు, దగ్గు, మూడు రోజులకి మాత్రలు. ఆ చీటీతో తర్వాత ఏమీ చేయలేం. కాబట్టి వీలైతే ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రానికో స్టాన్లీ ప్రభుత్వ ఆస్పత్రికో వెళ్ళండి, అక్కడ ఓపీ రిజిస్టరులో మీ పేరు ఉంటుంది. డాక్టరుతో మొదటి మాటే "రాత్రి పదకొండింటి నుంచి గ్యాస్ వాసన పీల్చాం, అప్పటి నుంచి ఇలా ఉంది" అని చెప్పి, ఆ మాట చీటీ మీద రాయమని మర్యాదగా అడగండి. కంపెనీ వల్లే వచ్చిందని రాయమని ఒత్తిడి పెట్టొద్దు, డాక్టరుకి అది తెలియదు, రాయలేడు. రోగి చెప్పింది రాయడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. పిల్లలకి ఆయాసం తరచూ వస్తుంటే పీక్ ఫ్లో మీటర్ గురించి అడగండి, గొట్టంలోకి గట్టిగా ఊదితే అంకె చూపించే చిన్న ప్లాస్టిక్ పరికరం. రోజూ పొద్దున్నా రాత్రీ ఊదించి ఆ అంకె కూడా డైరీలో రాస్తే, వాసన వచ్చిన రోజుల్లో ఊపిరి తగ్గుతోందా లేదా అన్నది మీకే కనపడుతుంది.

నీళ్ళలో దిగేవాళ్ళని వదిలేసి లెక్క రాయకండి

మనం మేడ మీద నిలబడి వాసన గురించి బాధపడుతుంటే, ఎన్నూరు దగ్గర సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే క్రీక్‌లో నడుము లోతు నీళ్ళలో గంటల తరబడి ఉండేవాళ్ళు ఇరులర్లు. పులికాట్ అవతలి ఒడ్డున మన యానాదులు ఎలాగో ఇవతలి ఒడ్డున వీళ్ళు అలాగ, కొందరికి తెలుగు కూడా వచ్చు. తమిళనాడులో ఉన్న ఆరు అతి బలహీన ఆదివాసీ తెగల్లో ఇరులర్లు ఒకరు. పడవ ఉండదు, వల ఉండదు. తాటాకు బుట్ట పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులతో బురదలో తడుముతూ రొయ్య దొరికితే అందులో వేసుకుంటారు. అంటే నీళ్ళలో ఏముంటే అది ఒంటికి, చేతి గాట్లకి, కొంత నోటికి కూడా తగులుతుంది. థర్మల్ స్టేషన్ బూడిద గొట్టాలు లీకై ఆ బురద మీద బూడిద పేరుకుంది. ఆ బూడిదలో ఆర్సెనిక్, సీసం, పాదరసం లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానప్పుడు మణలి వైపు నుంచి చమురు కాలవలోంచి కొసస్థలై నదిలోకి వచ్చి, ఇళ్ళ గోడల మీద నల్లటి గీత పడి, గూడబాతులు నూనెలో ముంచి తీసినట్టయ్యాయి. ఆ చమురుని మొదట్లో మగ్గులతో, బకెట్లతో, ఉత్త చేతులతో ఎత్తిపోసింది ఊళ్ళో జాలర్లే.

నష్టపరిహారం దగ్గరికొచ్చేసరికి జాబితాలు ఎక్కువగా పడవల లెక్కనో, మత్స్య సంఘం కార్డు లెక్కనో తయారవుతాయి. చేత్తో రొయ్యలు పట్టుకునే మనిషికి ఆ రెండూ ఉండవు. అందుకని మీ వీధి తరఫున ఫిర్యాదు రాస్తున్నప్పుడే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పోటు, పాటు చూసుకుని వెళ్ళాలి, పాటు సమయంలో వాళ్ళు నీళ్ళలో ఉంటారు, పని చెడగొట్టొద్దు. వాళ్ళ తరఫున మీరు రాసేసి వేలిముద్ర వేయించుకోవడం కాదు, కూర్చుని వాళ్ళు చెప్పింది వినాలి. ఏ చోట్ల దొరికేది, ఇప్పుడు ఎంత దూరం పోతున్నారు, రోజుకి ఎన్ని కిలోలు, కొనేవాళ్ళు "ఎన్నూరు రొయ్య" అనగానే ధర తగ్గిస్తున్నారా, కాళ్ళ మీద దురద, పుండ్లు ఎన్నాళ్ళకి మానుతున్నాయి. ఇదంతా వాళ్ళ డైరీ. రాయలేనివాళ్ళుంటే ఫోన్లో వాళ్ళ గొంతుతోనే తేదీ చెప్పించి రికార్డు చేయండి, ఆ ఫోన్ వాళ్ళదైతే ఇంకా మంచిది.

తర్వాత కుటుంబాల జాబితా ఒకటి, రేషన్ కార్డు నంబరుతో, బుట్టతో నీళ్ళలో నిలబడి పనిచేస్తున్న ఫొటోతో తయారు చేయించి, కలెక్టర్ ఆఫీసులో, మత్స్యశాఖలో, ఆదిద్రావిడ, గిరిజన సంక్షేమ శాఖలో ఒకే రోజు ఇప్పించండి. ఎస్టీ సర్టిఫికెట్ లేనివాళ్ళుంటే అది ఆర్డీవో స్థాయిలో ఇచ్చేది, తిరగాల్సి వస్తుంది, ఇప్పుడే మొదలుపెట్టాలి. నదికి ఇటు ఎన్నూరు చెన్నై జిల్లా, అటు అత్తిపట్టు, కాట్టుపల్లి తిరువళ్ళూరు జిల్లా. నీళ్ళకి ఆ గీత తెలియదు గానీ ఆఫీసులకి బాగా తెలుసు, తప్పు కలెక్టరుకి ఇస్తే నెలలు పోతాయి.

కెనడాలో గ్రాసీ నారోస్ అనే ఆదివాసీ ఊరిది ఇదే కథ. 1962 నుంచి 1970 దాకా ఎగువన ఉన్న కాగితపు గుజ్జు మిల్లు నదిలోకి దాదాపు 9 టన్నుల పాదరసం వదిలింది. చేపలు విషమయ్యాయి, చేపల వ్యాపారం మూసేశారు. ఒక్క దెబ్బతో తిండీ పోయింది, పనీ పోయింది, చేతులు వణకడం, చూపు మందగించడం మిగిలాయి. మాకు జబ్బు చేసిందని ఒప్పించడానికి వాళ్ళు దశాబ్దాలు కొట్లాడాల్సి వచ్చింది.

శరీరం బొమ్మ

అదే దేశంలో సార్నియా దగ్గర కెమికల్ ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కుపోయిన ఆమ్జివ్‌నాంగ్ అనే ఆదివాసీ ఊరివాళ్ళు ఒక పద్ధతి వాడారు. చార్టు మీద నిలువెత్తు మనిషి బొమ్మ గీసి, ఎవరికి ఎక్కడ బాధ ఉందో వాళ్ళే వచ్చి గుర్తు పెట్టడం. మీరూ చేయొచ్చు. ఆదివారం వీధిలో నాలుగు చార్టులు, ఆడవాళ్ళకి, మగవాళ్ళకి, పిల్లలకి, ముసలివాళ్ళకి విడివిడిగా. బొట్టుబిళ్ళల్లాంటి రంగు స్టిక్కర్లు: ఎరుపు ఆయాసం, పసుపు చర్మం, నీలం తలనొప్పి. పేర్లు రాయొద్దు. ఆడవాళ్ళ చార్టు దగ్గర మగవాళ్ళు నిలబడొద్దు, గర్భం పోవడం లాంటివి అలాగైతేనే చెప్తారు. పక్కనే ఒక పుస్తకంలో బీడీ సిగరెట్టు అలవాటు, కట్టెల పొయ్యి, దోమల కాయిల్, చేసే పని కూడా రాసుకోండి. అవతలి వకీలు మొట్టమొదట అడిగేది అదే కాబట్టి మనమే ముందు అడిగేయడం మంచిది. ఈ బొమ్మ రుజువు కాదు, దగ్గు ఫలానా పొగ గొట్టం వల్లే వచ్చిందని ఇది తేల్చదు. ఇక్కడ మెడికల్ క్యాంపు పెట్టండి, మా రక్తం పరీక్ష చేయండి అని అడగడానికి మాత్రం ఇంతకంటే గట్టి కాగితం నాకు తెలియదు.

ఇచ్చే చోట్లు, అడిగే చోట్లు

ఫిర్యాదు ఒక పేజీ దాటొద్దు. డైరీ నుంచి నాలుగైదు తేదీలు, డాక్టరు చీటీల నకళ్ళు, ఏం చేయమంటున్నారో ఒక్క వాక్యం. కాలుష్య నియంత్రణ మండలి జిల్లా ఆఫీసుకి, నకలు గిండీ హెడ్డాఫీసుకి, ఇంకొకటి సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే ఫిర్యాదుల రోజున. స్టాంపు వేసిన నకలు చేతికి రాకుండా బల్ల దగ్గర నుంచి కదలొద్దు. తమిళంలో గానీ ఇంగ్లీషులో గానీ ఇవ్వండి, మనలో చాలామందికి తమిళం మాట వచ్చు గానీ రాత రాదు, ఇంట్లో తమిళ మీడియం చదివే పిల్లలుంటే పని పెట్టండి, వాళ్ళకీ తెలుస్తుంది.

నీటి శాంపిల్ మీరే పట్టి ల్యాబులో పరీక్ష చేయించొచ్చు, గుర్తింపు ఉన్న ల్యాబు అయితే మేలు. కానీ 1974 నీటి చట్టం కింద కేసులో నిలబడేది మండలి అధికారులు పద్ధతి ప్రకారం పట్టిన శాంపిలే. కాబట్టి మీ రిపోర్టు వాళ్ళని రప్పించడానికి వాడండి, దాని మీదే మొత్తం డబ్బు పోయకండి.

నెల రోజులు చూసి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పది రూపాయలు, ఆన్‌లైన్లోనూ కుదురుతుంది. "ఎందుకు చర్య తీసుకోలేదు?" అని అడిగితే సమాధానం రాదు. కాగితాలు అడగాలి: ఫలానా ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతి ఆర్డరు నకలు, గత మూడేళ్ళ తనిఖీ రిపోర్టులు, నా ఫిర్యాదు మీద ఫైల్లో రాసిన నోట్లు. 30 రోజుల్లో జవాబు రావాలి, ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటల్లో. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ఇక్కడ కూడా తెలుగులో రాస్తే తీసుకోవాలన్న రూలు లేదు.

అనుమతి ఆర్డరు చేతికొచ్చాక ఓపిగ్గా చదవండి, బోలెడు షరతులు ఉంటాయి. పొగ గొట్టం ఎత్తు, చుట్టూ చెట్లు, బూడిద ఎక్కడికి పోవాలి. "వాసన వస్తోంది" అనేదానికంటే "ఫలానా నంబరు షరతు పాటించడం లేదు, ఇదిగో ఫొటో" అన్నదానికి ఆఫీసులో కుర్చీ కదులుతుంది.

అప్పటికీ కదలకపోతే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలోనే ఉంది, మనకున్న అదృష్టం అదొక్కటే అనుకోండి. 2023 చమురు, అమ్మోనియా సంఘటనలు రెండింటినీ అది తనంతట తానే విచారణకు తీసుకుంది. పేపర్లో వార్త పడటం అందుకే ముఖ్యం, లోకల్ విలేకరికి మీ డైరీ చూపించండి. మామూలు దరఖాస్తుకి కారణం మొదలైన రోజు నుంచి ఆరు నెలలు గడువు, నష్టపరిహారానికి ఐదేళ్ళు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి లేదు. మీ డైరీలో మొదటి పేజీ తేదీకి ఇక్కడ విలువ వస్తుంది.

వకీలు ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలి, పారిశ్రామిక ప్రమాద బాధితులూ ఆ జాబితాలో ఉన్నారు. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీటి వనరుని ఇతరులు పాడుచేస్తే అట్రాసిటీ చట్టం కింద నేరం అవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు, ఇరులర్ల విషయంలో వకీలుని ఇది ప్రత్యేకంగా అడగండి. ఉచిత న్యాయ సహాయం ఫోన్ నంబరు 15100. చేసేటప్పుడు మీ తాలూకా పేరు, ఫిర్యాదు మీద వేసిన స్టాంపు తేదీ దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేవి అవే. దరఖాస్తులో పేర్లు వేసే రోజున మేడ మీది వాళ్ళ పేర్లతోపాటు నీళ్ళలో దిగేవాళ్ళ పేర్లూ పడ్డాయో లేదో సంతకానికి ముందు ఒకసారి చూసుకోండి.